పట్టాల కింది నలభై అడుగులు

రంగుల వదిన చేతులు చూస్తే చాలు, ఆ పూట పొయ్యి మీద ఏ రంగు కాగు ఉడుకుతోందో వీధి వీధంతా చెప్పేసేది. సబ్బుకు లొంగని ఆ చేతులతోనే పాతికేళ్లుగా నూలు చుట్టలు, అవే చిలపలు, రంగులో ముంచింది, పిండింది, ఆరేసింది, ఆరుగురు ఆడవాళ్లకు పని చూపించింది. చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. పోస్టు తెచ్చే ముసలాయనకు కూడా.

రైల్వే స్టేషన్ వెనక సందులో ఉండేది ఆమె షెడ్డు. ముందు మురుగు కాలువ. సందు చివర అది గోడ కిందుగా రైల్వే స్థలంలోకి దూరి, పట్టాల కింద నలభై అడుగులు పోయి, అవతల పెద్ద కాలువలో కలవాలి. మూడేళ్లుగా కలవడం మానేసింది. నాలుగు చినుకులు పడితే మురుగంతా వెనక్కి తన్నుకొచ్చి గడపలెక్కేది. ఆరేసిన చిలపలకు ఆ కంపు పడితే కొనేవాడు ముక్కు మూసుకుని వెళ్లిపోయేవాడు.

అలాంటి ఒక వాన మర్నాడు మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. మీ నూలు వ్యర్థాల వల్లే కాలువ పూడింది, పదిహేను రోజుల్లో అది తప్పని రుజువు చెయ్యకపోతే షెడ్డుకు సీలు వేస్తాం అని.

"మనకి రంగునీళ్లు నిలవబెట్టే గుంట ఉంది కదే! నీళ్లు తేరుకున్నాకే కదా వదులుతున్నాం?" అన్నాడు పెనిమిటి. పూర్వం బస్సు నడిపినవాడు, ఇప్పుడు పొయ్యిలు చూసుకునేవాడు. కాసేపాగి, "పోనీ, ఎక్కడైనా వేరే చోటు చూసుకుందామా? ఏటికి ఎదురీదడం ఎందుకు?" అని కూడా అన్నాడు.

"ఏరైతే ఈదకుండా ఊరుకునేదాన్ని. ఇది మురుగు. ఎవరిదో తేల్చాలి."

నోటీసు పట్టుకుని మునిసిపల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లింది. కుర్రాడే, మంచివాడే, కానీ భయస్తుడు.

"పట్టాల కింద మాకు అధికారం లేదమ్మా. రైల్వే కేంద్రానిది."

"అయితే నోటీసు వాళ్లకివ్వు నాయనా."

"కేంద్రానికి మేం నోటీసా!" అని నవ్వేశాడు.

"నాకైతే ఇవ్వొచ్చన్నమాట. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి."

అక్కణ్నుంచి రైల్వే ఆఫీసరు గదికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "పారిశుధ్యం రాష్ట్రాల జాబితాలో ఉందమ్మా. మేం నడిపేది రైళ్లు, మురుగు కాదు" అన్నాడు.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. అదే కదా అసలు తంటా. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినట్టు, ఇద్దరి హద్దులో ఉన్న కాలువ ఇద్దరి కళ్లెదుటే కుళ్లిపోయింది.

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లి రాజ్యాంగం అడిగింది. లైబ్రరీ చూసే ఆవిడ ఎగాదిగా చూసి, దుమ్ము దులిపి, చివరి పేజీల్లో జాబితాలు తీసి ఇచ్చింది. మర్నాడు కాగుల దగ్గర ఆడవాళ్లు చుట్టూ మూగారు.

"మూడు కాగులనుకోండర్రా," అంది వదిన గరిటెకర్ర తిప్పుతూ. "ఒక దాంట్లో కేంద్రం రంగు. సైన్యం, రైళ్లు, తపాలా అందులోవి. రెండో దాంట్లో రాష్ట్రం రంగు. పోలీసులు, ఆసుపత్రులు, పారిశుధ్యం. మూడోది ఉమ్మడి. ఇద్దరూ చిలపలు ముంచొచ్చు. కానీ తగువొస్తే మామూలుగా కేంద్రం రంగే పైకి తేలుతుంది."

"ఎందులోనూ పట్టనివో?"

"అవీ కేంద్రానికే."

"పెద్దన్న వాటా ఎప్పుడూ పెద్దదే!" అంది ఒకామె. "మరి మన కంపు ఏ కాగులో వదినా?"

"ఒక కాగులోంచి ఇంకో కాగులోకి పారుతోందే పిల్లా. అదే ఎవరూ రాయలేదు."

ముందు నోటీసులోని అబద్ధం తేలాలి. అందుకు వదినకు తెలిసిన విద్య ఒకటే. మంజిష్ఠ వేళ్లు ఉడికించిన ఎర్రనీళ్లు, చేపక్కూడా హాని చెయ్యనివి, నాలుగు కాగుల నిండా సిద్ధం చేసింది. ఇంజనీరును బతిమాలి పట్టాల అవతల కాలువ మూతి దగ్గర నిలబెట్టింది. రైల్వే యార్డులో ఉన్న కాలువ మూత తీయించి, అక్కడ గేటు కాపలాదారును కూర్చోబెట్టింది. పెనిమిటి చేతికి గడియారం ఇచ్చింది. కాగులు ఒంపారు.

ఆరు నిమిషాలకు కాపలాదారు కేక. "వచ్చిందమ్మోయ్! ఎర్రగా, పొంగుతోంది!"

అవతల ఇంజనీరు గంట సేపు నిలబడ్డాడు. ఎరుపు కాదు కదా, తడి కూడా రాలేదు. అంటే సందులో కాలువ బాగానే పారుతోంది. రైల్వే యార్డు దాకా బాగానే పారుతోంది. పూడింది పట్టాల కిందే.

ఇంజనీరు తల గోక్కున్నాడు. "రుజువు బాగుందమ్మా. కానీ కాలువ తెరుచుకోకపోతే మళ్లీ వానకి మళ్లీ ఫిర్యాదే. అది తెరుచుకునేదాకా నోటీసు ఆపడం నా చేతుల్లో లేదు."

రైల్వే ఆఫీసరు మాత్రం దారి చూపించాడు. గొంతు తగ్గించి, "ఈ కాగితాలన్నీ ఎందుకమ్మా? ఆదివారం ఇద్దరు కూలీలను ఆ మూతలోంచి దింపెయ్. నేను అటు చూడను. ఒక్క పూటలో పని అయిపోతుంది" అన్నాడు.

షెడ్డు నిలబడే దారి. ఎనిమిది రోజులే మిగిలున్నాయి.

"దిగినవాడు పైకి రాకపోతే బాబూ," అని అడిగింది వదిన, "వాడు ఏ ప్రభుత్వం మనిషి?"

ఆఫీసరు కళ్లజోడు తుడుచుకున్నాడు. ప్రతి ఏడూ ఇలాంటి గోతుల్లో ఊపిరాడక పోయేవాళ్లకు ఏ జాబితాలోనూ చోటుండదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మనందరికీ తెలుసు. వదిన చేతులు దులుపుకుని లేచింది. "మిషను దిగాలి, మనిషి కాదు. పూడిక తీసే మిషను మునిసిపాలిటీకుంది. నేలేమో మీ రైల్వేది. ఈ రెండూ కలపడానికి రాజ్యాంగంలో దారి లేదంటే నేను నమ్మను."

మళ్లీ గ్రంథాలయం. జాబితాలే మళ్లీ మళ్లీ చదువుతుంటే లైబ్రరీ ఆవిడకు జాలేసింది.

"అక్కా, అందరూ చివరి పేజీలే తిప్పుతారు. మధ్యలో కూడా పుస్తకం ఉంది."

మధ్యలోకి వెళ్లడానికి నాలుగు సాయంత్రాలు పట్టింది. నాలుగో సాయంత్రం దొరికింది. రాష్ట్రం సమ్మతిస్తే కేంద్రం తన పనిని రాష్ట్రానికి గానీ, రాష్ట్రం అధికారులకు గానీ అప్పగించవచ్చు. వదిన ఆ పేరా మీద ఎర్రటి వేలు ఆనించి, "ఇదిగో! పక్కింటివాడికి తాళం చెవి ఇవ్వొచ్చని రాశారు!" అని గట్టిగా అరిచింది. చదువుకుంటున్నవాళ్లంతా ఉష్ అన్నారు.

వదిన పెట్టిన అర్జీ మీద పన్నెండో రోజున జిల్లా అధికారిణి ముందు విచారణ. ఒక పక్క ఇంజనీరు, ఒక పక్క రైల్వే ఆఫీసరు, మధ్యలో వదిన, వెనక ఆరుగురు ఆడవాళ్లు. ఇద్దరూ తమ తమ జాబితాలు వల్లించారు. ఇద్దరూ కరెక్టే. తర్వాత వదిన లేచి ఆ పేరా చదివింది.

"అది పెద్ద పెద్ద విషయాలకమ్మా," అన్నాడు రైల్వే ఆఫీసరు.

"చిన్న విషయాలకు పనికిరాదని ఎక్కడ రాసుందో చూపించండి బాబూ. నేనక్కడే వెతికాను, కనబడలేదు. అధికారం పంచుకున్నారు, బాగుంది. కంపు మాత్రం మాకే పంచారేం?"

గదంతా గొల్లున నవ్వింది. జిల్లా అధికారిణి నవ్వలేదు. పుస్తకం అడిగి తీసుకుని, రెండుసార్లు చదివి, "ఇద్దరూ ఇక్కడే కూర్చుని పైవాళ్లకు రాయండి. ఇప్పుడే. నా ముందే" అంది.

ఉత్తరాలు పైకి వెళ్లాయి. పదమూడో రోజు గడిచింది, పద్నాలుగో రోజు గడిచింది. పెనిమిటి చిలపలు మూటలు కట్టడం మొదలుపెట్టాడు. వదిన ఆ మూటలు విప్పి కాగులో ముంచేది. పదిహేనో రోజు పొద్దున ఇంజనీరు పరిగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో రెండు కాగితాలు. ఒకటి అప్పగింత, ఒకటి సమ్మతి.

"వచ్చేశాయి వదినా!" అన్నాడు. అమ్మా అనడం అప్పుడే మానేశాడు.

మిషను యార్డులోకి దిగింది. గొట్టం నలభై అడుగులూ దూసుకుపోయింది. సందంతా గోడెక్కి చూసింది. ముందు బురద, తర్వాత బుట్టలకొద్దీ పట్టాల కంకర, పాత చెక్క దిమ్మల తునకలు, తుప్పు పట్టిన బోల్టులు. రైల్వే ఆఫీసరు వాటిని చూసి మరో దిక్కుకు తిరిగాడు. ఆఖర్న పిడికెడంత నీలం నూలు ఉండ ఒకటి బయటపడింది.

ఇంజనీరు చప్పున దాన్ని చెత్తలోకి తోయబోయాడు.

"ఉండు నాయనా. అది నాదే," అంది వదిన. "గుంట తవ్వించకముందుది. రాసుకో. కంకర ఎన్ని బుట్టలో కూడా రాసుకో."

రాసుకున్నాడు. కంకర ముప్పై ఒక్క బుట్టలు, నూలు పిడికెడు. అదే కాగితం కింద నోటీసు రద్దు అని రాయించి, సంతకం పెట్టించి, షెడ్డు తలుపుకు అంటించింది.

మధ్యాహ్నం వాన కురిసింది. మూడేళ్లుగా చినుకు పడితే గడప మీద ఇటుకలు పేర్చే ఆడవాళ్లు అలవాటుగా ఇటుకలకు పరిగెత్తారు. నీళ్లు సందులోకి వచ్చాయి, కాలువలో పడ్డాయి, గోడ కిందుగా దూరాయి. వెనక్కి రాలేదు. వాన వెలిశాక వదిన సందు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా దండేలు కట్టించి చిలపలు ఆరేసింది. ఎర్రవీ, పచ్చవీ, నీలంవీ. కాపలాదారు గేటు దగ్గర్నుంచే అరిచాడు.

"వదినా! దండెం మా గోడ మీదికొచ్చింది. కేంద్రం స్థలం!"

"సమ్మతి తెచ్చుకోమంటావా బావా?"

"వద్దులే తల్లీ," అన్నాడు రెండు చేతులూ ఎత్తి. "మళ్లీ చదివేస్తావు."