ఊరంతా ఎక్కిన బస్సు

మొన్న మధ్యాహ్నం ఒక కుర్రాడు కాగితాల అట్ట పట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు. నష్టం వచ్చే ఊళ్ళకు బస్సులు నడపడానికి ప్రభుత్వం డబ్బు పెట్టాలా వద్దా అని ఇంటింటికీ తిరిగి జనాభిప్రాయం అడుగుతున్నాడట. "మీ వైపుకి బస్సు కావాలా తాతా?" అన్నాడు. కావాలన్నాను. "మీరు ఎక్కుతారా?" అన్నాడు. ఈ రెండో ప్రశ్న అరవై ఏళ్ళ కిందట ఎవరూ అడగలేదు. అడిగుంటే బాగుండేది.

అప్పట్లో గూడూరు దగ్గరి కోట అనే ఊరికి తూర్పున, సముద్రపు గాలి తగిలే ఒక చిన్న ఊళ్ళో నేనొక్కణ్ణే ఉపాధ్యాయుణ్ణి. పెళ్ళై ఆరు నెలలైనా భార్య కావలిలో పుట్టింట్లోనే ఉంది. "బస్సు పోని ఊరికి ఆడబిడ్డను కాపురానికి ఎట్టా పంపేది నాయనా, రేపు జరమొస్తే ఎవురు మోస్తారు?" అనేశారు మామగారు. ఆయన్ను తప్పు పట్టలేను. వానాకాలంలో మా దారి సంగతి ఆయన విన్నది తక్కువే. బడి తలుపేశాక నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. అయివోరంటే ఊరివాళ్ళకు మహా గౌరవం, ఆ గౌరవం కొద్దీ అరుగుల మీద కబుర్లు నన్ను చూడగానే ఆగిపోయేవి. అన్నం వండుకుని ఒక్కణ్ణే కంచం ముందు కూర్చుంటే ఏడుపొచ్చేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా ఒంటరిగా ఉండేది.

అందుకే బస్సు కోసం అర్జీ రాశాను. పంచాయతీ ప్రెసిడెంటు ఊరిని పిలిపించాడు. కోట నుంచి బస్సు ఓనరు వచ్చి, నష్టమొస్తే ఎవరు భరిస్తారని అడిగాడు. ప్రెసిడెంటు తుండు దులిపి లేచాడు. "నష్టమేందియా? ఊరంతా నీ బస్సులోనే ఉంటాది. తక్కువ పడితే చందాలేసుకుంటాం" అన్నాడు. చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. ఒకాయన రెండూ ఎత్తాడు. నేను పొంగిపోయి ఆ రాత్రే కావలికి ఉత్తరం రాశాను.

బస్సు వచ్చింది. మా ఊరి నుంచి కోటకు పోయి రావడం, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పిల్లలు వెనక పరిగెత్తేవాళ్ళు, పెద్దలు అరుగుల మీంచి "మన బస్సు" అని మురిసేవాళ్ళు. ఎక్కేవాళ్ళు మాత్రం లేరు. బండ్లున్నవాళ్ళు బండ్లు కట్టుకునేవాళ్ళు, లేనివాళ్ళు నడిచేవాళ్ళు, ఉప్పూ కట్టెలూ ఎప్పటిలాగే కాలువలో పడవ మీద పోయేవి. చందా మాటెత్తితే "కోతలు కానీ అయివోరా" అనేవాళ్ళు. చివరికి ఖాళీ బస్సు పరువు కాపాడ్డానికి నేనే ఎక్కేవాణ్ణి. బడి అయ్యాక కోటకు పోవడం, అదే బస్సులో తిరిగి రావడం. అక్కడ నాకు పనేమీ లేదు. కండక్టరు మెత్తటి మనిషి, సాయిబు. నా పక్కనే కూర్చుని "ఇయాల గూడా మనిద్దరమే సార్" అనేవాడు. నిజం చెప్పొద్దూ, రోజు మొత్తంలో నేను మనసు విప్పి ఆడే నాలుగు మాటలూ అతనితోనే.

మూడు నెలలకు ఓనరు ఓపిక అయిపోయింది, బస్సు ఆపేస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే మామగారి ఉత్తరం వచ్చింది. శుక్రవారం అమ్మాయిని కోట దాకా తెస్తున్నాను, అక్కణ్ణుంచి మీ బస్సులో వస్తాం అని. ఓనరు ఇంటికి పోయి బతిమాలి, శుక్రవారం సాయంత్రం దాకా నడిపేటట్టు ఒప్పించాను. ఆమె ఒకసారి గడప తొక్కితే ఆ తర్వాత బస్సు ఆగినా వెనక్కి పోదని నా ధైర్యం. గదికి సున్నం కొట్టించాను. రెండో కంచం కొన్నాను.

శుక్రవారం బడి వదిలి వచ్చేసరికి బస్సుకు మామిడాకులు, బంతిపూల దండలు. ఆఖరి ట్రిప్పని తెలిసి ఊరంతా సాగనంపడానికి ఎక్కేసింది. ముందు సీట్లో ప్రెసిడెంటు, వెనక ముసలమ్మలు, చంటిబిడ్డలు, టాపు మీద పడుచువాళ్ళు, ఒక మేక. "నీ పెండ్లానికి చోటు లేదనుకోబాక అయివోరా, నా వొళ్ళో కూచోబెట్టుకుంటా" అంది ఒక అవ్వ. కండక్టరు దగ్గర టికెట్లు అయిపోయాయి. ఆ బస్సు నిండడం అదే మొదలు. సగం దారిలో ఇసుక పల్లంలో దిగగానే, అంత బరువెన్నడూ మోయని ఆ బండికి వెనక చక్రాల మీది స్ప్రింగు పట్టీలు విరిగాయి. ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, పైగా నవ్వులు. నేను కిటికీలోంచి దూకి కోట వైపు పరిగెత్తాను.

నేను చేరేసరికి, కావలికి తిరిగిపోయేవాళ్ళు ఎక్కే గూడూరు బస్సు వెళ్ళిపోయింది. అక్కడి సోడా కొట్టు ఆయన చెప్పాడు. "ఇంతసేపూ ఈడ్నే ఉండారు అయివోరా. బస్సు రాకపోయేసరికి, ఇదేం ఊరని పెద్దాయన కోపంగా పిల్లను తీసకపోయినాడు. ఆ బిడ్డ మీ దారి తట్టే చూస్తా ఎక్కింది."

మామగారి కోపం తగ్గలేదు. నాకు బస్సులు తిరిగే కోవూరుకు బదిలీ అయి ఆమె కాపురానికి వచ్చేదాకా, ఎనిమిది నెలలు, రెండో కంచం గూట్లో బోర్లించే ఉంది.

తర్వాత యాభై ఏళ్ళకు పైగా కాపురం చేశాం. ఆమె పోయి రెండేళ్ళు. కుర్రాడి కాగితంలో రెండో ప్రశ్నకు కూడా 'ఎక్కుతాను' అనే రాయించాను, పోవలసిన చోటేదీ లేకపోయినా. ఇప్పుడు మళ్ళీ ఒక్క కంచం ముందే కూర్చుంటుంటే, అన్నేళ్ళు కలిసి బతికాం కదా అన్న తృప్తి రాదు. ఆమె లేకుండా పోగొట్టుకున్న ఆ ఎనిమిది నెలలే కావాలనిపిస్తుంది.