అత్త ఫోల్డర్‌లో మిగిలిపోయిన గొంతు

దయ్యాలంటే నాకు నవ్వే. బీడీలు చుట్టేచోట పదిమంది పది కథలు చెప్పేవాళ్లు. ఆకు కత్తిరించుకుంటూ వినేదాన్ని, ఒక్కటీ నమ్మలేదు. ఇది మాత్రం నా చెవులతో విన్నాను.

మాది నిర్మల్ దగ్గర పల్లె. మా ఆయన మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, మా అత్తకు అదీ రాదు. అందుకని ఆయన తన మాటలే రికార్డు చేసి ఫోన్‌కు పంపేవాడు. ముందు ఎవరు వినాలని మేమిద్దరం కొట్లాడుతుంటే, అత్తకు వేరే ఫోన్ కొనిపెట్టాడు.

పోయిన ఎండాకాలం ఆయన అక్కడే గుండె ఆగి చనిపోయాడు. శవం ఇల్లు చేరడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

ఈ ఎండాకాలం అత్త ఫోన్ ఉబ్బిపోయి, మాటిమాటికీ ఆరిపోసాగింది. ఆ మాటలు పోతే ఇక ఆయన గొంతు మాకు లేనట్టే. కరీంనగర్‌లో కంప్యూటర్ పని నేర్చుకున్న మా బిడ్డ మౌనిక ల్యాప్‌టాప్ తెచ్చి, రెండు ఫోన్లలోని మాటలను రెండు ఫోల్డర్లలో పెట్టింది.

"ఇగ రెండిటినీ ఒక్కటి చెయ్యి బిడ్డా" అన్నాను.

"ఆగే అమ్మా. ఫోన్ తేదీ, నంబర్ చూసి పేరు పెడ్తది. బాపు ఒకటే దినం నీకొకటి, నాయనమ్మకొకటి పంపిండు. రెండిటికీ ఒకటే పేరుంటది. ఉత్తగ కలిపితే దాని మీద ఇది పడి, పాతది పోతది."

"ఒక్కటి పోగొట్టినా నిన్ను ఇంట్ల ఉండనియ్య పో" అంది అత్త.

మౌనిక నవ్వి, నల్లటి తెర తెరిచి, అత్తవి నా ఫోల్డర్‌లోకి జరపమని ఏదో కమాండ్ కొట్టింది. అదే పేరుతో అక్కడ ఇదివరకే ఒకటి ఉంటే దాన్ని ముట్టదట. అత్తది ఉన్నచోటే ఆగిపోతుందట.

అన్నీ నా దాంట్లోకి వెళ్లాయి. ఏడు మాత్రం అత్త ఫోల్డర్‌లో ఆగాయి. పేర్లు మార్చి చేర్చేముందు ఒక్కొక్కటి వినిపించింది. ఆరు మాకు కంఠతా వచ్చినవే.

ఏడోదాని పేరు చూసి మౌనిక చెయ్యి ఆగిపోయింది. ఆ తేదీ ఆయన చనిపోయిన తర్వాత తొమ్మిదో రోజుది.

నొక్కింది. ముందు ఏదో యంత్రం రొద. తర్వాత ఆయన గొంతు.

"అవ్వా... ఈడ మస్తు సలి పెడ్తుంది. ఎవ్వలు పలుకుతలేరు. దుప్పటి పంపవే."

తొమ్మిదో రోజున ఆయన అక్కడి ఆసుపత్రిలో, శవాలను ఉంచే ఐసు గదిలో ఉన్నాడు.

పేరు కలిసింది కాబట్టే కదా ఇది ఆగింది! అంటే నా ఫోల్డర్‌లోనూ ఒకటి ఉంది. మౌనిక వద్దంటున్నా విన్నాను. అదే రొద. మాట లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు, చివరిదాకా.

ఫోన్లలో తేదీ తప్పి ఉంటుందని మా మరిది అన్నాడు. రెండూ ఒకే రోజు తప్పుతాయా? ఆ రోజు రెండు ఫోన్లూ నా పక్కనే ఉన్నాయి, ఒక్కటీ మోగలేదు. ఆయన ఫోన్ శవంతో పాటే, సీలు వేసిన సంచిలో వచ్చింది.

"తుడిపెయ్యనా?" అని మౌనిక ఏడుస్తూ అడిగింది.

"నా కొడుకు మాటనే తుడుస్తవా?" అని అత్త లేచి, అంత ఎండలో సందూక పెట్టెలోంచి గొంగడి తీసి ఆయన ఫొటో కింద పరిచింది.

రెండింటికీ వేరే పేర్లు పెట్టి ఉంచాం. అవి ఎట్లా వచ్చాయో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు. తొమ్మిదో రోజున ఆయనకు మేమెవరమూ జవాబు పంపలేదన్నది మాత్రం తెలుసు.