పళ్ళెం కింద గువ్వలు

కుట్టుమిషను కిటికీ పక్కనే ఉండటంతో పెరట్లోకి వచ్చే పిట్టలన్నీ మిషనక్కకు కొట్టిన పిండి. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె మిషనక్కే. గోడవార వేలాడదీసిన పళ్ళెంలో ఒకవైపు గింజలు, ఒకవైపు పండుముక్కలు పెట్టేది. మెడకింద నల్లగుడ్డ కట్టినట్టుండేది మగ పిచ్చుక. నెత్తిన కుచ్చు, తోకకింద ఎర్ర అతుకు ఉంటే పిగిలిపిట్ట. కంటిచుట్టూ పసుపు అంచు ఉంటే గోరింక.

ఆ ఉదయం పళ్ళెం కింద రెండు గువ్వలు చచ్చి పడున్నాయి. పక్కనే ఒక పిచ్చుక ఈకలు ఉబ్బించుకుని, మనిషి దగ్గరికొచ్చినా ఎగరకుండా కూర్చుంది.

మిషనక్కకు నిన్నటి మాట గుర్తొచ్చింది. ముందురోజే పక్కింటి వదిన ఆరేసిన దుప్పటి మీద రెట్టలు చూసి, "వీటి సంగతి చూస్తానుండు" అంది. ఇంకేం ఆలోచించలేదు. గోడ దగ్గరికి ఒక్క ఉరుకున వెళ్ళింది.

"కోపముంటే నన్ననాలి వదినా! నోరులేని పిట్టలకు విషం పెడతావా?"

పక్కింటావిడ మొహం పాలిపోయింది. "విషమా? నేనా? నిన్న నేనన్నది దండెం అటుపక్కకు మార్చి కట్టుకుందామని, అంతే!" తలుపు ధడాలున మూసుకుంది.

మిషనక్క భర్త పళ్ళెం విప్పేయడానికి నిచ్చెన తెచ్చాడు.

"ఆగండి," అందామె, కళ్ళు పళ్ళెం మీదే ఉంచి.

పిగిలిపిట్టల జంట దిగి పండు పొడుచుకుని తుర్రుమంది. గోరింకలూ అంతే, పండుముక్కల కోసం కొట్లాడుకుంటూ తిని ఎగిరిపోయాయి. నిన్నటినుంచీ అవే పిట్టలు, అదే పళ్ళెం. ఇంతలో మరో పిచ్చుక గింజల వైపు వాలబోయింది. "హుష్!" అని ఆమె కేకపెట్టింది.

"గింజలు తినేవే పడిపోతున్నాయండీ! పండు తినేవాటికి ఏమీ కాలేదు!"

వంటింట్లోకి పరిగెత్తి గింజల డబ్బా బోర్లించింది. అడుగంతా ఉండలు కట్టి, పచ్చటి బూజు. వాన పడ్డ రోజు పెరట్లో మూత పెట్టకుండా వదిలేసింది తనే.

గింజలు గోతిలో పూడ్చి, పళ్ళేన్ని మరిగే నీళ్ళతో తోమి, పక్కింటి తలుపు తట్టింది.

"తప్పు నాదే వదినా. గింజలు బూజుపట్టాయి."

"వీధంతా వినేలా అరిచావు. ఇప్పుడు గుసగుసలా?"

మిషనక్క వెనక్కి తిరిగింది. ఎదురిళ్ళ వాకిళ్ళలో జనం ఇటే చూస్తున్నారు. అందరికీ వినబడేలా చెప్పింది: "పిట్టల్ని చంపింది నేనే! వదినకేం సంబంధం లేదు!"

పక్కింటావిడ తలుపు మళ్ళీ మూయలేదు. పొద్దుగూకేలోపు ఆ ఉబ్బిన పిచ్చుక కూడా చచ్చిపోయింది.