తీసుకున్నావు సరే, ఏం పెట్టావు?

టీచరమ్మ పోయారన్న కబురు నాకు అమీర్‌పేటలో, క్లాసు మధ్యలో తెలిసింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాను. బోర్డు మీద సగం వాక్యం రాశాను, టేబుల్ మీద ఫోన్ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అమ్మ క్లాసు టైములో ఫోన్ చెయ్యదు. ఎత్తితే, "పైఇంటి టీచరమ్మ పోయిందిరా. పొద్దుగాల ఛాతిల నొప్పి అన్నది. సోమాజిగూడ దవాఖానకు తీస్కపోయే లోపట్నే..." అని ఆగిపోయింది. నేను "సరే" అన్నాను. అలాంటి మాటకి సరే అని ఎవరైనా అంటారా? ఫోన్ పెట్టేసి మిగతా సగం వాక్యం రాసి చూసుకుంటే, ముందు సగానికీ వెనక సగానికీ సంబంధమే లేదు.

ఆ గంటలోనే మా ఇంట్లో ఒక వీడియో గేమ్ రెండో భాగం డౌన్‌లోడ్ అవుతోంది. ప్రపంచం అంతమైపోయాక మిగిలిన ఊళ్ళలో తిరిగే ఆ గేమ్ కోసం మీలాగే నేనూ ఏళ్ళ తరబడి ఎదురుచూశాను. అప్పటినుంచీ, నా గేమ్ రివ్యూలు చదివే మీరంతా అడుగుతున్నది ఒకటే, ఎలా ఉందో రాయవేంటని. గ్రాఫిక్స్ ఎట్లున్నాయి, ఫైటింగ్ ఎట్లుంది, కొనాలా వద్దా అని. రాస్తాను. కానీ టీచరమ్మని పక్కన పెట్టి రాయడం నావల్ల కావట్లేదు. కూర్చుంటాను, లేస్తాను, మళ్ళీ కూర్చుంటాను. కాబట్టి ఈసారి ఆమె గురించి కూడా వినాల్సిందే.

పంజాగుట్టలో ఒక బళ్ళో సోషల్ చెప్పి రిటైరైన మనిషి. సొంతూరు గుంటూరు వైపు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు, ఊళ్ళో ఒక చెల్లెలు ఉంది. మా పై వాటాలో అద్దెకుండేవారు. రోడ్డెక్కితే చాలు, ఎవరో ఒకరు బండి ఆపి "నమస్తే టీచర్" అనేవాళ్ళు. ఆమెకి పేర్లు గుర్తుండేవి కావు, కూర్చున్న చోటు గుర్తుండేది. "నువ్వు కిటికీ పక్కన కూర్చునేవాడివి కదూ" అని అడిగితే, బట్టతల వచ్చిన ఆ మనిషి మురిసిపోయేవాడు.

మా పరిచయం పోట్లాటతోనే మొదలైంది. ఒక ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి, బైబిలు సంచి భుజాన ఉండగానే మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంటబ్బాయ్ ఆ తుపాకులు? ప్రార్థన చేసుకొచ్చి కాసేపు నడుం వాలుద్దామంటే కింద యుద్ధం పెట్టావు."

నేను సౌండు తగ్గించాను. అమ్మ కుర్చీ వేసింది. ఆమె కూర్చుని టీవీ చూశారు. తెర మీద బోర్లాపడ్డ బస్సులు, కిటికీల దాకా పేరుకున్న ఇసుక, ఖాళీ వీధి.

"ఈ ఊళ్ళో జనం ఏమయ్యారు?"

"అందరూ పోయిండ్రు టీచర్. లోకం అయిపోయింది."

"అయిపోతే మరి నువ్వేం చేస్తున్నావు అక్కడ?"

గేములు ఆడేవాణ్ణి ఆ ప్రశ్న అడగకూడదు అసలు. ఆమె మాత్రం ఆ పూట పైకి వెళ్ళలేదు. తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవారు.

కంట్రోలర్ ఎప్పుడూ ముట్టుకోలేదు. "నా చేతికివ్వకు, పడేస్తాను. నేను చెబుతుంటా, నువ్వు పో" అనేవారు. మ్యాపు తెరిస్తే ముందు ఉత్తరం ఎటో అడిగేవారు, తర్వాత ఏరు ఎటు పారుతోందో అడిగేవారు. దాని ఒడ్డునే పొమ్మనేవారు, మనుషులుంటే అక్కడే ఉంటారని. చాలాసార్లు ఆమె మాటే నిజమయ్యేది. కానప్పుడు, "ఈ మ్యాపు గీసినవాడికి నేనైతే పాస్ మార్కులు వెయ్యను" అని తప్పు అటు నెట్టేసేవారు.

గొడవంతా సామాన్ల దగ్గర వచ్చేది. ఇలాంటి గేముల్లో ఆడేవాడి పని ఏంటో మీకు తెలుసు. దొరికిన ఇంట్లో దూరడం, బీరువాలూ పెట్టెలూ తెరవడం, ఉన్నదంతా ఊడ్చుకుని సంచీలో వేసుకోవడం. మొదటిసారి నేను ఒక వంటింటి అల్మారా ఖాళీ చేసి బయటికి రాబోతుంటే ఆమె నా భుజం మీద తట్టారు.

"తీసుకున్నావు సరే, ఏం పెట్టావు?"

"పెట్టుడేంది టీచర్? గిది గేమ్. ఎవరూ లేరక్కడ."

"లేరని నీకెవరు చెప్పారు? బయటికి పోయారేమో."

మా రెండిళ్ళ మధ్య స్టీలు డబ్బాలు తిరిగిన పద్ధతి తెలిస్తే ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఆమె క్రిస్మస్‌కి అరిసెలు పంపితే అమ్మ ఆ డబ్బాలో సకినాలు పోసి పంపేది. ఆదివారం కోడికూర వస్తే సోమవారం పులిహోర పైకెక్కేది. ఎదుటివాళ్ళ గిన్నె ఖాళీగా ఇవ్వడం ఇద్దరికీ సిగ్గుచేటు. ఒకరిది గుడి, ఒకరిది చర్చి, ఈ విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మతం. ఇంట్లో ఏమీ లేని రోజున అమ్మ గుప్పెడు చక్కెర పోసి మూత పెట్టేది. అసలు మొదట ఎవరు పంపారో, ఇప్పుడు వంతు ఎవరిదో కనుక్కోవడానికి దారే లేదు.

అదే చట్టం ఆమె గేమ్‌లో కూడా పెట్టారు. బియ్యం తీసుకుంటే బ్యాటరీ పెట్టు. మందు తీసుకుంటే గుడ్డ పెట్టు. నాకు ఒళ్ళు మండేది. ఆఖరికి దొంగల గుహలో, అందరినీ చంపి, వాళ్ళ పెట్టె తెరిచినప్పుడు కూడా వదల్లేదు.

"దొంగలకు సుత పెట్టాల్నా టీచర్?"

"వాళ్ళింటికి మనం పిలవకుండా వెళ్ళాం కదయ్యా."

ఉన్న ఒక్క కట్టు గుడ్డా అక్కడ పెట్టించారు. తర్వాత వంతెన మీద దెబ్బ తగిలితే కట్టుకోవడానికేమీ లేక చచ్చాను. చాలా వెనక నుంచి మళ్ళీ ఆడాల్సొచ్చింది. "మళ్ళీ లేచావుగా, ఇంకేం" అని చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆ ప్రశాంతత చూస్తే నాకు ఇంకా మండింది.

మొదటి భాగం చివర్లో ఒక పోస్టాఫీసు క్వార్టర్ వస్తుంది. ఆడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, చిన్న మంచం, దాని కింద చిన్న చెప్పులు. అక్కడి వంటింటి అల్మారాలో దొరికిన డబ్బా పాలు తీసుకున్నాను. ఏం పెట్టాలని సంచీ మొత్తం చూపించమన్నారు. చూసి చూసి అగ్గిపెట్టె పెట్టమన్నారు. ఆ గేమ్‌లో అగ్గిపెట్టె అంటే ప్రాణం. నేను కాదన్నాను, బతిమాలాను.

"పాలు తాగే పిల్ల ఉన్న ఇల్లు. వాళ్ళమ్మ వచ్చి పొయ్యి వెలిగించుకోవద్దూ?" అన్నారు.

పెట్టాను. ఆ పిల్ల గేమ్‌లో ఎక్కడా కనబడదు. అయినా ఆ రోజునుంచీ ఆమెకి ఆ పిల్ల ఉంది. రెండో భాగం వస్తోందని, అదే ఊరు చాలా ఏళ్ళ తర్వాత ఎలా ఉందో చూపిస్తారని తెలిసినప్పటినుంచీ మెట్ల మీద కనబడితే చాలు, అదే అడిగేవారు. విడుదల వాయిదా పడినప్పుడల్లా నాకంటే ఎక్కువ చిరాకు పడేవారు.

"నేనుండగా వస్తుందంటావా?"

"వస్తది టీచర్, ఫికర్ చెయ్యకండి."

"నాకేం ఫికరు? ఆ ఇంటివాళ్ళు అగ్గిపెట్టె తీసుకున్నారో లేదో తెలిస్తే చాలు."

గేమ్ వచ్చిన వారంలోనే ఆమె పోయారు. అంతకుముందు రోజే రవ్వలడ్లు పంపారు, ఆదివారం కూర్చుందామన్న కబురుతో సహా. డబ్బా అడుగున ఆమె పేరు చెక్కి ఉంటుంది. లడ్లు అయిపోయాయి. డబ్బా తోమి బోర్లించి ఉంది.

సమాధి దగ్గర పాటలు పాడారు, మట్టి వేశాం, వచ్చేశాం. ఆ తర్వాత నాకు ఇల్లు పట్టలేదు. క్లాసు అయ్యాక మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా స్తంభాల కింద నడిచేవాణ్ణి, కోచింగ్ పాంప్లెట్లు ఇచ్చేవాళ్ళు నా చేతిలోనే మా సెంటర్ కాగితం పెడుతున్నా తీసుకుంటూ. ఒక సాయంత్రం మైత్రీవనం వెనక గేమింగ్ సెంటర్ నడిపే దోస్తు దగ్గర ఆగాను. రెండో భాగం గురించి అక్కడ అందరూ ఒకటే తిట్టడం.

"బొమ్మ మస్తుగుంది భాయ్, ఇసుక తుఫాను వస్తే నిజంగ కండ్లు మూసుకుంటం" అన్నాడు దోస్తు. "ఫైటింగ్ సుత పాతదానికన్న నయం. కని ఏం ఫాయిదా? ఏ బీరువ తెర్చినా ఖాళీనే. తిండికి లేదు, నీళ్ళకు లేదు. రెండు గంటలాడి పక్కన పడేసిండ్రు పోరగాళ్ళు."

నాకు వెంటనే వెలిగింది. ఈ గేమ్ మొదలుపెట్టేటప్పుడు రెండు దారులు చూపిస్తుంది. కొత్త లోకమా, మీ పాత లోకమా అని. పాతదంటే మొదటి భాగంలో మీరు చేసినవన్నీ ఇందులోకి వస్తాయి. మనమందరం మొదటి భాగంలో ఊరంతా ఊడ్చేశాం, ఇప్పుడు ఖాళీ అల్మారాలు తెరిచి తిట్టుకుంటున్నాం. మరి నా పాత లోకంలో ఆమె పెట్టించినవన్నీ ఉండాలి కదా?

అక్కడే నాకు భయం పట్టుకుంది. పైన వాళ్ళ చెల్లెలు వచ్చి ఇల్లు ఖాళీ చేస్తున్నారు. రోజూ ఏదో ఒకటి మెట్లు దిగి పోతోంది, గ్లోబు, కుట్టు మిషను, పుస్తకాల మూటలు. గేమ్‌లో ఆ పోస్టాఫీసు అల్మారాలో కూడా ఏమీ లేకపోతే? అదొక్కటే ఇంకా తెరవకుండా మిగిలింది. తెరిస్తే అదీ అయిపోతుంది. తెరవకపోతే ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు ఎప్పటికీ తెలియదు. కంట్రోలర్ తీసేవాణ్ణి, పెట్టేసేవాణ్ణి. అమ్మ చూసి చూసి, "ఆడితే ఆడు, లేకుంటే బంద్ జెయ్యి. నువ్వు గిట్ల లేస్తు కూసుంటుంటే నాకే కాలు నిలుస్తలేదు" అంది.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి వదిలే వేళకి, పాత లోకం నొక్కాను.

మీకోసం రెండు మాటలు. నడక బరువుగా ఉంది, అది నాకు నచ్చింది. సంచీ మునుపటికంటే చిన్నది, మొదట్లో విసుగొస్తుంది. ఏరు ఎండిపోయింది. దాని వెంటే నడిచాను, ఆమె ఉంటే అదే చెప్పేవారు. దారిలో ఆమె పెట్టించిన మొదటి పెట్టె తెరిస్తే ఖాళీ. రెండోది ఎలుకలు కొట్టేశాయి. దొంగల గుహ అసలు కూలిపోయింది. నా మీద నాకే కోపం వచ్చింది, ఎందుకొచ్చాన్రా అని. ఆపేద్దామనుకుంటూనే పోస్టాఫీసు దాకా వచ్చాను. చిన్న మంచం అలాగే ఉంది. చెప్పులు లేవు.

వంటింటి అల్మారా తెరిచాను. అగ్గిపెట్టె లేదు. పొయ్యి చుట్టూ మాత్రం గోడ నల్లగా మసిబారి ఉంది, మొదటి భాగంలో ఆ మసి లేదు. అగ్గిపెట్టె ఉండాల్సిన చోట చిన్న పొట్లం ఒకటి ఉంది. దాని మీద కర్సర్ పెట్టి చూస్తే పేరు కనబడింది. చక్కెర.

ఈ గేమ్ చేసినవాళ్ళు ఏ దేశంవాళ్ళో. వాళ్ళకి మా అమ్మ తెలియదు, టీచరమ్మ తెలియదు. తర్వాత దోస్తుతో తెరిపిస్తే వాడి ఆటలో అదే అల్మారాలో ఏమీ లేదు. పెట్టినవాళ్ళకే ఏదో ఒకటి తిరిగొచ్చేలా ఎవరో అక్కడ కూర్చుని ఆలోచించి రాశారన్నమాట. ఆ క్షణంలో ఇదంతా నాకు తోచలేదు. "టీచర్, తీస్కున్నరు!" అని పక్కకి తిరిగాను. కుర్చీ మీద అమ్మ మడతపెట్టిన బట్టలున్నాయి. ఆమె పోయినరోజు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అమ్మ వంటింట్లోంచి వచ్చి తెర చూసింది, నన్ను చూసింది. లోపలికెళ్ళి బోర్లించిన డబ్బా తుడిచి, చక్కెర పోసి, మూత పెట్టి నా చేతికిచ్చింది. "పో, పైన ఇచ్చిరా" అంది.

పైకెళ్ళాను. తలుపు బార్లా తీసి ఉంది. ముందుగదిలో గోడకి గ్లోబు బల్ల ఉన్న చోటు మాత్రం రంగు కొత్తగా మెరుస్తోంది. "అమ్మా" అని వాళ్ళ చెల్లెల్ని పిలిస్తే నా గొంతే తిరిగొచ్చింది. వంటింట్లోకెళ్ళాను. అల్మారా అరలన్నీ ఖాళీ, పాత పేపర్లు కూడా తీసేశారు. మధ్య అరలో డబ్బా పెట్టాను. తలుపు అలాగే వదిలేసి దిగొచ్చాను. ఇంట్లో ఎవరూ లేరని అనుకోలేదు. బయటికి పోయారేమో అనుకున్నాను.