టవర్ గొట్టంలో మోగిన డప్పు

ఈ రోజు మా కంపెనీ గాలిమర టవర్ ముక్కను బలం పరీక్షించడానికి తీసుకెళ్తుంటే, జనగామ దాటాక మా పొడవాటి లారీ ఆగిపోయింది. ప్రత్యేక తెలంగాణ రాష్ట్రం కోసం జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. లారీ మీద పడుకోబెట్టిన ఆ ఇనుప గొట్టంలో మనిషి నిటారుగా నడవొచ్చు. డిజైన్ నాదే.

ఎండకు తాళలేక ఒక అవ్వ నా దగ్గరకొచ్చింది. "బిడ్డా, గా గొట్టంల జర నీడకు కూసుంటం."

మూతగా కట్టిన టార్పాలిన్ విప్పాను. లోపలి తెల్లరంగు చూసి అవ్వ, నేను చెప్పకుండానే చెప్పులు కింద విడిచి, నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఆమె వెనక ఇంకొందరు, ఆఖర్న డప్పుతో ఒకాయన. అతను ఒక్క దెబ్బ వేయగానే గొట్టమంతా మోగింది. టవర్ ఎలా కంపిస్తుందో తెలుసుకోవడానికి మేం సుత్తితో కొట్టి చూస్తాం. ఇంత బాగా ఎప్పుడూ మోగలేదు.

అప్పుడే హైదరాబాద్ నుంచి మా మేనేజర్ ఫోన్ చేశాడు. "ఏంటా గోల?" అని అడిగాడు. జనం గొట్టంలో నీడకు కూర్చున్నారని చెప్పాను. "ముందు వాళ్ళని దించెయ్. అసలు నువ్వు మా ఇంజినీర్‌వా, వాళ్ళ మనిషివా?"

ఆఫీసులో రోజూ నా యాస దాచుకుని మాట్లాడతాను. ఇవాళ దాచలేదు.

"సార్, మీ టవర్ డిజైన్ చేసింది గీళ్ల మనిషే. గీళ్లు లేచినంకనే బండి కదుల్తది."

రేపు సంజాయిషీ రాసివ్వాలట. ఏం రాయమంటారో మీరే చెప్పండి. క్షమించమని మాత్రం రాయను.