శారీ గార్డు ఉన్న కెఫే రేసర్

మా ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా నాది. మెకానికల్ ఇంజినీరింగ్. ఫలితాలు వచ్చిన రోజు నారాయణపేట బస్టాండులో దిగి, మా ఊరి ఆటో నిండేదాకా ఆగలేక, సగం దూరం నడిచి సగం దూరం పరుగెత్తి ఇల్లు చేరాను. నాయిన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తున్నాడు. పక్కనే అమ్మ రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా నాయిన చేతిలో నాడె ఆడించడం ఆపకుండానే విన్నాడు. అంచు దగ్గర తెగిన పోగు ఒకటి ముడివేసి, అప్పుడు తలెత్తాడు.

"అంటే ఇగ నువ్వు ఇంజన్లు బాగు జేస్తవు."

"చేస్త నాయినా."

"మరి గా రేకుల కింద పడున్నదాన్ని లేపు, సూద్దాం."

నాకు జరిగిన సన్మానం అంతే. అమ్మ మాత్రం లేచి నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. ఆమె వేళ్లకు ఎర్రరంగు ఉంది, బెల్లానికీ అంటింది.

ఆ రేకుల కిందిది నిన్న లేచింది. లేవడమే కాదు, ఇద్దరిని ఎక్కించుకుని పేటకు పోయి వచ్చింది. ఈ సంగతి చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

అది రెండు స్ట్రోకుల పాతకాలపు మోటారు సైకిల్. నాయిన కొనేనాటికే రెండు చేతులు మారింది. అయినా నా బడి చదువు సాగినంత కాలం అదే నడిచింది. వారం వారం అంగడి రోజున నేసిన చీరలు తెల్లగుడ్డలో మూటగట్టి పేటలోని దుకాణానికి తీసుకెళ్లేవాళ్లు. ముందు నాయిన, నడుమ మూట, వెనక ఒక పక్కకు తిరిగి కూర్చున్న అమ్మ. కరోనాకు దుకాణాలు మూతపడ్డాయి. తెరిచాక దుకాణం వాళ్లే వ్యాన్ పంపి చీరలు ఇంటి దగ్గరే తీసుకుపోవడం మొదలుపెట్టారు. బండికి పని పోయింది. ఒకరోజు కిక్ కొడితే కడ్డీ కిందికి దిగలేదు. లోపల పిస్టన్ పట్టేసింది. రేకుల కిందికి తోసి గోనెపట్టా కప్పారు. పేటలో పనుంటే నాయిన ఎవరి బండి వెనకాలో పోతాడు. అమ్మకు ఆటోలో ముడుచుకుని కూర్చుంటే కడుపులో తిప్పుతుంది. ఆమె పోవడమే మానేసింది.

ఇక నా పిచ్చి సంగతి. హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేస్తూ ఒక సాయంత్రం ఫోనులో ఒక బండి బొమ్మ చూశాను. పాత మోటారు సైకిల్‌నే విప్పి, అక్కర్లేనిదంతా తీసేసి, హ్యాండిల్ కిందికి దించి, ఒక్క మనిషికి సరిపోయే సీటు వేసి, ఆ సీటు వెనక ఎద్దు మూపురంలా చిన్న గుబ్బ పెట్టారు. దాన్ని కెఫే రేసర్ అంటారట. ఎక్కడో ఒక కెఫే నుంచి ఇంకో కెఫేకు పందేలు కట్టి ఉరికించేవాళ్లట. మా ఊళ్లో కెఫే లేదు. రెండు చాయ్ హోటళ్లున్నాయి, ఒకదాంట్లోంచి పిలిస్తే రెండో దాంట్లో పలుకుతారు. అయినా ఆ బొమ్మ నన్ను వదల్లేదు. పరీక్షల ముందు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటే చాలు, కంది చేల మధ్య ఎర్రమట్టి దారిలో ఆ బండి చప్పుడు లేకుండా పోతూ ఉండేది. పూత పసుపు, మట్టి ఎరుపు, బండి నలుపు. నడిపేది నేనే, కానీ నన్ను నేను వెనక నుంచి చూసుకునేదాన్ని.

నాయినకు ఆ బొమ్మ చూపించాను. ఫోనును దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మంచిగనే ఉన్నది. గని మీ అమ్మ కూసునేటట్టు ఉండాలె. గంతే."

రేకుల కిందికి వచ్చి, బండి పొడుగాటి సీటు మీద జాన పెట్టి కొలిచాడు. "నాకొక జాన. మూటకొక జాన. ఆమెకొక జాన. మూడు జానలు. దీంట్ల తగ్గొద్దు."

"సరే నాయినా," అన్నాను. ఆ మాట అన్నది నేనే. అది మర్చిపోవడానికి వీల్లేదు.

విప్పదీయడానికి పది రోజులు పట్టింది. మగ్గం గదికీ రేకులకూ నడుమ వాకిట్లో పాత చీరల అట్టలు పరిచి, తీసిన ప్రతి నట్టూ దాని మీద పెట్టి పక్కన పేరు రాశాను. చిన్న సామాన్లకు అమ్మ కండెల గంప ఇచ్చింది. సిలిండర్‌లో డీజిల్ పోసి వదిలేశాను. రోజూ పొద్దున్నే పోయి కిక్ మీద కాలు పెట్టి చూడటం, అది కదలకపోవడం, వచ్చి అన్నం తినడం. లోపల మగ్గం టకటక, బయట నా ఆకురాయి గరగర. మధ్యాహ్నం ఎండలో ఆ రెండు చప్పుళ్లూ ఎక్కడో ఒకచోట కలిసిపోయి నాకు మగత వచ్చేది. ఇంజన్ నేస్తున్నారో చీర రాకుతున్నారో తెలియని మగత. ఎనిమిదో రోజు కాలి కింద కడ్డీ మెత్తగా, నిద్రలో కదిలినట్టు కదిలింది. నేను అరిచిన అరుపుకు అమ్మ చేతిలో కండె జారి వాకిలిదాకా దొర్లింది.

తప్పు చేసింది ఆ తర్వాతే.

ఫ్రేము తోపుడు బండి మీద వేసుకుని రోడ్డు మీది వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి చాచా మా ఊరి నాగళ్లు, గేట్లు, మగ్గం ఇనుపసామాను అన్నీ అతికిన మనిషి. బొమ్మ చూసి అద్దాలు పైకి నెట్టాడు.

"ఎనక తోక మొత్తం కోయాల్నా?"

"కోయాలె చాచా. ఒక్క సీటే ఉంటది."

"జర సోంచాయించు బేటీ. కోసుడు ఒక్క నిమిషం. మళ్ల అతికితె అతుకు కనబడతది."

ఆలోచించాను. మూటలు లేవు కదా అనుకున్నాను. అమ్మ ఎక్కడికి పోతుంది, పోవడం మానేసి ఎన్నేళ్లయింది అనుకున్నాను. కంది చేల నడుమ బండి కళ్ల ముందు పోతోంది, దాని వెనక మూపురం ఎండకు మెరుస్తోంది.

"కోయి చాచా," అన్నాను.

అదే వేడిలో పాత సీటు, వెనక కాళ్లు పెట్టుకునే కడ్డీ, చక్రం పక్కన ఉండే శారీ గార్డు తీసుకెళ్లి పాత ఇనుపసామాను కొట్టులో పడేశాను. చీరలు నేసే ఇంట్లో పుట్టి శారీ గార్డు పారేసింది బహుశా నేనొక్కదాన్నే.

ఇంటికి వచ్చాక ఫ్రేము మీద కొత్త సీటు పలక పెట్టి చూపించాను. మూపురం రేకుతో నేనే వంచాను, బాగా కుదిరింది. నాయిన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి జాన పెట్టాడు. ఒకటి. రెండోది మూపురానికి తగిలి సగంలో ఆగింది. మూడోదానికి చెయ్యి గాలిలో పెట్టి, కాసేపు అట్లాగే ఉంచి, తీసేశాడు.

"గిది ఒక్క మనిషి బండి," అన్నాడు. మగ్గంలోకి పోయి కూర్చున్నాడు.

అమ్మ నవ్వింది. "సక్కగున్నది. మీ నాయిన ఒక్కడే పోతడు తియ్. నాకు ఒక పని తప్పె."

"మూటలు లేవు గదనే. నువ్వు పేటకు పోయి ఏం జేస్తవు?"

"ఏం జేస్త? దుకాణం ముంగట నిలబడి మన చీరె ఏలాడుతుంటే సూసొస్తుంటి." ఆమె రాట్నం తిప్పడం ఆపలేదు. "ఒకపారి ఒక పిల్ల పెండ్లికి కొనుక్కున్నది. మన ఎర్రదే. అద్దం ముంగట ఎగేసుకుని సూసుకున్నది. గది నేను చుట్టిన కండె అని చెప్దామనుకున్న. సిగ్గయింది."

ఇన్నేళ్లూ అమ్మ మూట పట్టుకోవడానికే వెనక కూర్చునేదని నేననుకున్నాను.

తర్వాతి నాలుగు రోజులు నాయిన రేకుల వైపు రాలేదు. నాతో మాట్లాడాడు. అన్నం తిన్నవా అని అడిగాడు. బండి మాట మాత్రం ఎత్తలేదు. మగ్గం చప్పుడు వినబడుతూనే ఉంది కానీ నా ఆకురాయి ఆగిపోయింది.

అయిదో రోజు మళ్లీ చాచా దగ్గరికి పోయాను. నన్ను చూడగానే "అతకాలె, గదే గదా?" అన్నాడు. కోసిన తోక అతను పారేయలేదు, గోడకు ఆనించి పెట్టాడు.

"నీకెట్ల ఎరుక చాచా?"

"మీ నాయిన గేటు సుత ముందు సన్నగ చెయ్యమన్నడు. మీ అమ్మ గంప పట్టలేదు. మళ్ల ఎడల్పు చేసిన. మీ ఇంటోళ్లకు రెండుపార్లు చేసుడు నాకు అలవాటే."

మూపురం వదులుకోలేకపోయాను. అందుకే ఒక ఉపాయం చేశాను. సీటు కింద మూడు జానల పొడుగు వచ్చేలా ఆ తోకనే తిరిగి అతికించి, మూపురాన్ని రెండు మరలతో ఊడి వచ్చేలా పెట్టాను. పెట్టుకుంటే నా కెఫే రేసర్. తీస్తే కింద అమ్మ సీటు. వెనక కాళ్ల కడ్డీ కొత్తది వేశాను. ఇంటికి తెచ్చి అమ్మను కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. వంగి చక్రం వైపు చూసింది.

"చీరెకు అడ్డమేది? మనం నేసిన కొంగు పుల్లల్ల చిక్కుకోవాల్నా?"

పాత ఇనుపసామాను కొట్టుకు ఉరికాను. గుట్టలన్నీ తిరగేశాను. సైకిల్ హ్యాండిళ్లు, కూలర్ రెక్కలు, విరిగిన తూకపు రాళ్లు. శారీ గార్డు లేదు. కొట్టు అతను "గా మరునాడే ఎవరో వట్కపోయిండ్రు" అన్నాడు. చేతులకు తుప్పుతో, ఏడుపు మొహంతో ఇల్లు చేరాను. మొహం కడుక్కుందామని పెరట్లోకి పోతే, రంగువేసిన నూలు చిలపలు ఆరుతున్నాయి. ఎర్రవి, ఆకుపచ్చవి, నీళ్లు బొట్టుబొట్టుగా కారుతూ. అవి వేలాడుతున్నది గోడకు మేకులు కొట్టి బిగించిన మా శారీ గార్డుకు.

"అమ్మా! ఇది నీ దగ్గరెట్లున్నది?"

"నువ్వు పారేసొస్తే నేను పోయి తెచ్చుకున్న. సూడు, చిలపలకు ఎంత మంచిగ కుదిరిందో. ఎడంగ ఆరుతయి."

"ఇయ్యే, బండికి పెట్టాలె."

"అప్పుడు వద్దంటివి. ఇప్పుడు ఇయ్యి అంటున్నవు. మరి నా చిలపలు యాడ ఆరేయాలె?"

"నేను ఇంకోటి చేసిస్త."

"ఎట్ల నమ్మాలె? మూడు జానలని జానెడున్నర చేసిన పిల్లవు."

మగ్గం గదిలో నాడె చప్పుడు ఆగింది. లోపల నాయిన నవ్వుతున్నాడు. ఇన్ని రోజుల తర్వాత.

ఆ మధ్యాహ్నమే అతను బయటికి వచ్చాడు. నేను చక్రాలు బిగిస్తుంటే కాసేపు చూశాడు, ఇక ఉండబట్టలేక లోపలికి పోయి తెల్ల పడుగు నూలు తెచ్చాడు. వెనక చక్రానికి ఆనించి ముందు చక్రం దాకా దారం లాగి ఒక కొస నాకిచ్చాడు. ఇంకో పక్క కూడా అట్లాగే.

"సూడు. వెనకది వంకర పోయింది. కండె మందం."

నా కంటికి కనబడలేదు. మా దగ్గర ఎనిమిది చీరలకు సరిపోయే పడుగు ఒక్కసారే మగ్గానికి ఎక్కిస్తారు. మొదటి చీరలో పోగు పక్కకు పోతే ఎనిమిదోదాకా పోతూనే ఉంటుంది. ఆ కన్నుతో చూశాడు. నేను నట్టు పావు చుట్టు తిప్పాను. దారం రెండు చక్రాలనూ ఒకేలా తాకింది. ఎండలో ఆ తెల్లటి గీత కదలకుండా నిలబడితే, దాన్ని వదలబుద్ధి కాక ఇద్దరం కొసలు పట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాం.

ట్యాంకుకు నల్లరంగు వేశాను. అమ్మ చూసి, "అంచు లేకుంటె బోడిగున్నది" అంది. పసుపు రంగుతో కింద సన్నగా, మా చీరలకు నేసే గుడి అంచు దిద్దింది తనే.

నిన్న అంగడి. మూపురం ఊడదీసి చేతిలో పట్టుకున్నాను. మూడో కిక్కుకు ఇంజన్ లేచింది. నీలిపొగ వాకిలంతా నిండి, పెరట్లో నేను చేసిచ్చిన కొత్త కమ్మీకి ఆరేసిన చిలపల మధ్య నుంచి మెల్లగా పోయింది. నాయిన ఎక్కి, కిందికి దించిన హ్యాండిల్ మీదికి వంగాడు. నడుము నొప్పి పుడుతుందేమో అనుకున్నాను.

"గిదేందే, మగ్గంల కూసున్నట్టే ఉన్నది," అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఒంగిన నడుము, దానికి ఆ ఒంపు కొత్త కాదు.

అమ్మ ఎర్రచీర కట్టుకుంది. వెనక ఒక పక్కకు కూర్చుంది, కొంగు నడుముకు దోపి, కాళ్లు శారీ గార్డు మీదికి సర్దుకుంది. నడుమ మూట లేదు. ఆ జానెడు జాగా ఖాళీగా ఉంది. కాస్త ముందుకు జరిగింది.

"జర మెల్లగ పో. రేసు గీసు పెట్టకు," అని నాయిన వీపు మీద తట్టింది.

వాళ్లు చాయ్ హోటల్ దాటి, మలుపు తిరిగి, కంది చేల నడుమ ఎర్ర దారిలోకి పోయారు. నేను కలగన్న బండి అదే, అదే దారిలో పోతోంది. నేను వెనక నుంచే చూస్తున్నాను. ఈసారి దాని మీద ఉన్నది వేరేవాళ్లు, అంతే తేడా.

పొద్దు వాలేసరికి తిరిగొచ్చారు. బండి ఇంకా పూర్తిగా ఆగనే లేదు, అమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. కాళ్లు కింద పెట్టకముందే, కొంగు విప్పుకోకముందే, గుక్క తిప్పుకోకుండా.

"బిడ్డా, మన చీరె బొమ్మకు కట్టిండ్రు! అద్దంల! ఆకుపచ్చది, పోయిన నెలది. ఒక పంతులమ్మ వచ్చి ఎంతసేపు సూసిందో. ఈసారి సిగ్గు పడలె. అమ్మా, గా కండె నేను చుట్టిన అని చెప్పేసిన!"

"ఏమన్నది?"

"ఏమంటది, నా చెయ్యి పట్టుకుని సూసింది. వేళ్ల ఎరుపు పోలేదింక అన్నది. బెల్లం ఉన్నదా ఇంట్ల? ముందు జర బెల్లం తే."