మా బాపమ్మకు పెట్టిన అక్క పేరు

మొన్న సూరత్ రింగ్ రోడ్డులో ఒక మార్కెట్ గేటు దగ్గర, వాన వెలిసి చీరల కట్టల మీది టార్పాలిన్లు తీస్తున్న వేళ, ముసలి వాచ్‌మన్ ఒకాయన స్టూలు మీద కూర్చుని బెల్టు బిళ్లకు ఇత్తడి పాలిష్ రుద్దుతున్నాడు. ఆ ఘాటు వాసన తగలగానే నా వీపు దానంతటదే నిటారుగా అయింది. చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారేది ఆ వాసనతోనే. తాత పతకాలు రుద్దడం మొదలుపెట్టాడంటే పిల్లలం చాపలు చుట్టి, ముఖాలు కడుక్కుని, దగ్గు వచ్చినా మింగేసి కూర్చోవాలి.

మా తాత మల్లయ్య సైన్యంలో హవల్దారుగా చేసి ఇంటికొచ్చాడు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయిన రోజుల్లో మా వాళ్లంతా సూరత్ రైలెక్కితే తానూ ఎక్కి, రింగ్ రోడ్డులో చీరల మార్కెట్‌కు కావలి ఉద్యోగం సంపాదించాడు. మా నాన్నను, అంటే బాపును, మరమగ్గాల పనిలో పెట్టాడు. సూరత్ శివారు డిండోలిలో మాకు రెండు గదులు. పగలంతా పక్క గోడలోంచి మగ్గాల చప్పుడు వస్తూనే ఉండేది. వానాకాలం గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలిచేవి. చలికాలం ఉత్తరాయణ్ దగ్గర పడుతుంటే పతంగుల దారానికి గాజుపొడి కలిపిన గులాబీ రంగు పూసి రోడ్డు పొడవునా ఆరేసేవాళ్లు, ఆ దారాలు పట్టుకుని మేం వేళ్లు కోసుకునేవాళ్లం. ఎండాకాలం అందరం మేడ మీదే పడుకునేవాళ్లం.

బాపమ్మ, అంటే నాన్న తల్లి, సలాబత్‌పురా సేట్ల దగ్గరి నుంచి వచ్చే చీరలకు వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించేది. మెడలో నల్లదారానికి చిన్న కత్తెర వేలాడేది. ఆమె జుట్టులో, కొంగులో, ఒక్కోసారి మేం తినే పప్పులో కూడా రంగురంగుల దారప్పోగులు కనిపించేవి. ముసురు పట్టిన సాయంత్రాలు గిన్నెకు సర్వపిండి ఒత్తి, అడుగు ఎర్రగా కాలిన ముక్క నాకు దాచేది. ఎక్కువ మాట్లాడేది కాదు. తాత “లచ్చిమీ” అని పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా పలికేది. ఆ క్షణానికే ఆయన చేతిలో ఏది ఉంటే అది విసిరేవాడు.

ఆలస్యం ఎందుకో తర్వాత అమ్మ చెప్పింది. బాపమ్మ పేరు లక్ష్మి కాదు, రాజవ్వ. లక్ష్మి ఆమె అక్క.

తాత మొదట పెళ్లి చేసుకున్నది లక్ష్మినే. సైన్యం రికార్డులో భార్య అన్నచోట ఆ పేరే ఎక్కింది. ఆయన సరిహద్దులో ఉండగా లక్ష్మి కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. తర్వాతి సెలవులో పెద్దలు ఆమె చెల్లెలు రాజవ్వను ఇచ్చి చేశారు. రికార్డులో పేరు మారాలంటే చావు కాగితం, పెళ్లి కాగితం, ఊరి పెద్దల సంతకాలు కావాలి. అవన్నీ పుట్టించే ఓపిక తాతకు లేదు. అందుకని రికార్డులో భార్య పేరు మార్చే బదులు, ఇంట్లో భార్య పేరు మార్చేశాడు. అత్తగారింట్లో అందరి ముందూ “ఇయ్యాల్టి సంది దీని పేరు లచ్చిమి” అన్నాడట. అక్క పోయి ఏడాది తిరగని ఇల్లు అది. కన్నతల్లి ఆ పేరుతో చిన్నకూతుర్ని పిలవలేక, బతికినంతకాలం “ఓ పిల్లా” అనే పిలిచిందట.

మిలిటరీ దవాఖానకో, క్యాంటీన్ కార్డు పనికో పోవలసి వస్తే ముందురోజు తాత బాపమ్మను గోడకానించి నిలబెట్టేవాడు.

“నీ పేరేంది?”

“లచ్చిమి.”

“జోరుగ జెప్పు.”

“లచ్చిమి!”

తర్వాత పుట్టిన తేదీ అడిగేవాడు. అక్క పుట్టిన తేదీ చెప్పాలి. తడబడిందా, ఆ పూట ఆమెకు అన్నం లేదు. అమ్మ కొంగు చాటున రొట్టె తీసుకెళ్లినా తినేది కాదు. ఎదురింటి పిల్లలు కిటికీలోంచి చూసి, మర్నాడు గల్లీలో ఒకడు మా తాత, ఒకడు బాపమ్మ అయి అదే ఆట ఆడుకునేవాళ్లు.

ఒక ఏడు బతుకమ్మ పండుగకు మా గల్లీ చివరి మైదానంలో ఆడవాళ్లు చేరారు. తంగేడు దొరకదు కాబట్టి బంతిపూలతోనే పేర్చుకున్నారు. సత్తుపిండి, బెల్లం, నెయ్యి కలిసిన వాసనతో పళ్లేలు వరసగా ఉన్నాయి. కొడుకు పని కోసం కొత్తగా సూరత్ వచ్చిన సత్తవ్వ అనే ఆమె చప్పట్లు కొడుతూ తిరుగుతున్నదల్లా ఆగి, “ఏ రాజవ్వా! నువ్వేనా గాదా?” అని అరిచింది. ఇద్దరిదీ ఒకే ఊరు, చిన్ననాడు కలిసి నూలు కండెలు చుట్టినవాళ్లు. బాపమ్మ ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయకుండా “ఓ!” అని పలికింది. ఆమె అంత గట్టిగా నవ్వడం నేనెన్నడూ వినలేదు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని ఊగిపోయారు.

డ్యూటీ దిగి వస్తున్న తాత ఆ పిలుపు విన్నాడు. యూనిఫారంతోనే ఆడవాళ్ల నడుమకు వచ్చి నిలబడ్డాడు. పాట ఆగిపోయింది.

“నీ పేరేందో జెప్పు వీళ్లకు” అన్నాడు.

బాపమ్మ పూలకేసి చూస్తూ చెప్పింది.

“గా ఇంకో పేరుతోని పిలిచేటోళ్లు మా గడప తొక్కొద్దు” అని సత్తవ్వతో అన్నాడు. సత్తవ్వ మళ్లీ మా ఇంటికి రాలేదు.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, రిటైరైనవాళ్ల రికార్డుల్లో తప్పులుంటే దిద్దించుకోవచ్చని కబురొచ్చింది. రికార్డులో తాత పేరు ‘మలయ’ అని పడింది. ఆఫీసులో అలా పిలిచినప్పుడల్లా ఇంటికొచ్చి రుసరుసలాడేవాడు, “మా నాయిన పెట్టిన పేరు ఖరాబ్ జేసిండ్రు” అని. బాపు కాగితాలు నింపి, తాత పేరుతోపాటు బాపమ్మ పేరూ దిద్దమని రాశాడు.

“అమ్మది గుడ అయిపోతది నాయినా. ఒక్క సంతకం పెట్టు జర.”

“ఇన్నేండ్లు ఫౌజుకు అబద్ధం జెప్పిన్నని నా చేతితోని రాసియ్యాల్నా?” తాత పెన్ను తీసుకుని ఆమె పేరున్న వరస కొట్టేశాడు. “దానికి పేరుతోని ఏం పని?”

తన పేరు కోసం మాత్రం కోర్టు చుట్టూ తిరిగాడు, పేపర్లో ప్రకటన వేయించాడు, రైలెక్కి రికార్డు ఆఫీసుకు పోయొచ్చాడు. దిద్దిన కాగితం చందీ పడ్వో నాడు చేతికొచ్చింది. సూరత్ అంతా ఘారీలనే మిఠాయి తినే పండుగ అది. తాతా డబ్బా నిండా తెచ్చాడు. నెయ్యి పేరుకున్న ఆ ఘారీలను బాపమ్మే ఇంటింటికీ పంచింది. “మా ఆయన పేరు మంచిగైంది” అని అందరికీ చెప్పింది. తిరిగొచ్చి చీర ఒళ్లో పరచుకుని, దారాలు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా నన్నడిగింది: “ఒక్కసారి నన్ను రాజవ్వా అని పిలువు బిడ్డా.” పిలిచాను. “ఓ” అంది. ఇంకోసారి అడగలేదు.

తాత పోయాక, ఆయన పింఛను కోసం భార్యగా ఆమెను గుర్తించడానికి ఆఫీసుకు రమ్మన్నారు. బాపుతో నేనూ వెళ్లాను. గుమాస్తా ఫైలు తెరిచి మర్యాదగానే అడిగాడు. “నామ్ బోలియే, మాజీ.”

“రాజవ్వ” అంది బాపమ్మ.

గుమాస్తా ఫైలు చూశాడు, ఆమెను చూశాడు. “లచ్చిమి మా అక్క. సచ్చిపోయింది” అని ఆమె తెలుగులో చెబుతూనే ఉంది. బాపు ముఖం పాలిపోయింది. ఇన్నేళ్లూ మరొకరి పేరున దవాఖానలో మందులు తీసుకున్నదెవరని అడిగితే, కేసు పెడితే, ఏం చెప్పాలి? ఒకనాడు ఆమె పేరు దిద్దమని కాగితం రాసిన బాపే గుమాస్తా వైపు వంగి, “ఉమర్ హో గయీ సాబ్, దిమాగ్ ఠీక్ నహీ. లక్ష్మీ హీ హై” అన్నాడు, ముసలితనంతో ఆమెకు మతి సరిగా లేదని.

ఆమెకు ఆ మాత్రం హిందీ వచ్చు. కొడుకును చాలాసేపు చూసింది. తర్వాత ఎవరూ అడగకుండానే, తాత నేర్పినట్టే నిలబడి, “లచ్చిమి!” అని జోరుగా చెప్పింది. గుమాస్తా నవ్వి వేలిముద్రకు సిరా డబ్బా జరిపాడు. బయటికొచ్చాక బాపు ఆటోలో ఏడ్చాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేయలేదు. కొడుకుతో ఆ తర్వాత ఆకలైందనీ, నొప్పిగా ఉందనీ తప్ప మాట్లాడలేదు. ఆమె పోయినప్పుడు మున్సిపాలిటీ ఇచ్చిన కాగితంలో చనిపోయింది లక్ష్మి.

బాపూ పోయాక, ఈ ఏడు నేను ఆ పేరు దిద్దించాలని తిరిగాను. మున్సిపాలిటీ ఆఫీసులో కుర్రగుమాస్తా కంప్యూటర్లోంచి తల తిప్పకుండా, రాజవ్వ అనే మనిషి పుట్టినట్టుగానీ, బతికినట్టుగానీ ఏదైనా ఆధారం తెమ్మన్నాడు. ఆమె బడికి పోలేదు. ఆ పేరున భూమి లేదు, ఓటు లేదు. ఆ పేరుతో ఆమెను ఎరిగిన పెద్దవాళ్లు ఎవరైనా సాక్ష్యం ఇస్తారా అన్నాడు.

డిండోలికి వెళ్లాను. మేమున్న గదులు లేవు, గోడ పక్క మగ్గాలు లేవు. బతుకమ్మ ఆడిన మైదానంలో అపార్టుమెంట్లు లేచాయి, వాటి కింద మొబైల్ దుకాణాలున్నాయి. వెతగ్గా వెతగ్గా సత్తవ్వ కొడుకు ఒక దుకాణంలో దొరికాడు. జుట్టు నెరిసింది. కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు.

“మా అమ్మ పోయి శానేండ్లైంది అక్కా” అన్నాడు. “రాజవ్వంటె ఎవలు?”

నేను చెప్పడం మొదలుపెట్టేలోగా గిరాకీ వచ్చింది. అతను గుజరాతీలో మాట్లాడుతూ లేచిపోయాడు.